పరాయి ఇంటి చనువు మాటలు

ఒక విదేశీయుడు మన యింటికి వచ్చెననుకొందము. తెలుగు మీది మక్కువతో రెండేండ్లు కష్టపడి మన భాష నేర్చుకొన్నవాడు. మన తాతగారు వీధి అరుగు మీద కూర్చుండి యుండగా, ఆయన నిండు నవ్వుతో ఎదురుగా వచ్చి, "ఏరా, బాగున్నావా?" అని పలుకరించెను. వ్యాకరణములో తప్పు లేదు. ఉచ్చారణ కూడ దివ్యముగా నున్నది. తాతగారిని ఆయన బాల్యమిత్రులు నిత్యము అట్లు పిలుచుచుండగా ఈయన విన్నాడు. విన్నదానిని విన్నట్లే అప్పగించినాడు. అయినను ఆ క్షణమున ఆ యరుగు మీద ఏమి జరుగునో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

ఇటువంటి మాటలను ఇంగ్లీషులో స్లాంగు అందురు. తెలుగులో దీనికి సరియైన పేరు దొరకుట కష్టము. గ్రామ్యమందమా, అది పామరుల భాష యను అర్థము వచ్చును. స్లాంగు పామరుల సొత్తు మాత్రమే కాదు, విద్యార్థులకు, సిపాయిలకు, వైద్యులకు, ప్రభువులకు సైతము ఎవరి స్లాంగు వారికి గలదు. మాండలికమందమా, అది ఒక సీమ వారందరి భాష. అందుచేత మేము ఇచ్చట దానిని చనువు మాట అని వ్యవహరించుచున్నాము. చనువు ఒకరు ఇచ్చునది. ఇయ్యకమునుపే తీసికొన్నవానిని మన ఊళ్లలో ఏమందురో అందరికిని తెలిసినదే.

బ్రిటనులో చదువులకును, కొలువులకును వెళ్లిన తెలుగు బిడ్డలు నేడు మన వీధివీధిన నున్నారు. వెళ్లనివారికి కూడ అక్కడి చలనచిత్రములు, క్రికెట్టు వ్యాఖ్యానములు ఇంటిలోనికే వచ్చుచున్నవి. కాబట్టి బ్రిటిషువారి చనువు మాటలు మన చెవిని పడుట ఇప్పుడు వింత కాదు. వాటిని మనము వాడవచ్చునా, వాడినచో ఏమగును అను ప్రశ్న మాత్రము కొంచెము తరచి చూడదగినది.

మా మేనల్లుడొకడు 2008లో వైద్యవృత్తికై ఉత్తర ఇంగ్లండునకు వెళ్లెను. ఇంగ్లీషు చక్కగా వచ్చినవాడు; పరీక్షలన్నియు మంచి మార్కులతో గెలిచినవాడు. చేరిన మొదటి వారములోనే ఒక వృద్ధురాలు తనకు నిన్న 'ఫన్నీ టర్న్' వచ్చినదని అతనితో చెప్పెను. ఫన్నీ యనగా నవ్వు పుట్టించునదని మనము బడిలో చదువుకొన్నాము. మావాడును చిరునవ్వుతో, ఏమా వినోదమని అడిగెను. ప్రక్కనున్న నర్సు అతనిని ఇవతలకు పిలిచి మెల్లగా బోధపరచెను. ఫన్నీ టర్న్ అనగా ఉన్నట్లుండి కండ్లు తిరుగుటయో, తూలిపడుటయో, కొంతసేపు స్మృతి తప్పుటయో అని అర్థము. ఒక్కొక్కప్పుడు అది రాబోవు పక్షవాతమునకు ముందు సూచన కావచ్చును. ఆ దినమున ఆ నర్సు అక్కడ లేకపోయినచో ఆ ముసలమ్మ మాట ఒక నవ్వుతో దాటిపోయెడిదేమో!

ఇటువంటివి మరికొన్ని గలవు. 'పూర్లీ' యనగా ఒంట్లో బాగుండకపోవుట; కాని ఆసుపత్రిలో ఒక రోగి 'వెరీ పూర్లీ' అని చెప్పినచో బంధువులను పిలిపించవలసిన స్థితి అని గ్రహింపవలెను. మాట మెత్తనిది, విషయము కఠినము. 'వాటర్‌వర్క్స్' బాగుగా లేవని పెద్దలు చెప్పుకొన్నచో అది పురపాలక సంఘము మీద ఫిర్యాదు కాదు, మూత్రసంబంధమైన బాధ. ఒక పెన్నీ ఖర్చు పెట్టి వచ్చెదనని ముసలివారు లేచినచో అంగడికి కాదు, మరుగుదొడ్డికి. పూర్వము అక్కడి మరుగుదొడ్ల తలుపులకు ఒక పెన్నీ వేసిననే గాని గడియ ఊడెడిది కాదు. 1971లో అక్కడి నాణెముల లెక్కయే మారిపోయినది. మాట మాత్రము వృద్ధుల నోట నిలిచినది.

ఈ మాటలను తెలిసికొనుట వైద్యునికి విధి. ఇది మొదటి సంగతి. మావాడు అక్కడితో ఆగినచో బాగుండెడిది. పొరబాటు జరిగిన సిగ్గుతో వాడు ఒక చిన్న పుస్తకము పెట్టుకొని విన్న మాట నెల్ల వ్రాసికొని, వల్లె వేయ నారంభించెను. ఆ వార్డులో నర్సులు, వంటమనుషులు, తోపుడు మంచము త్రోయువారు అందరును ఒకరినొకరు 'లవ్' అని పిలుచుకొనుచుండిరి. మావాడును ఒక ఉదయమున, తనకంటె ఇరువదియేండ్లు పెద్దదియు, తన పై అధికారిణియు అయిన వైద్యురాలితో, "సరే, లవ్" అనెను. ఆమె కోపపడలేదు, ఆ గదిలో ఎవరును ఏమియు అనలేదు. ఆ నిశ్శబ్దము తనకు ఇప్పటికిని వినబడుచుండునని వాడు చెప్పును.

మాట యొక్క అర్థము మావానికి తెలియును. దానిని ఎవరు, ఎవరితో, ఏ గదిలో అందురో తెలియదు. చనువు మాటకు ఇదియే అసలు అర్థము. నిఘంటువులో కనబడునది సగము మాత్రమే. ఆ 'లవ్' అను పిలుపునే చూడుడు. డార్బీ, స్టోక్ ప్రాంతములలో దాని స్థానమున 'డక్' అందురు, అనగా బాతు. న్యూకాసిల్ వైపు 'పెట్' అందురు. గ్లాస్గోలో స్త్రీని 'హెన్' అని పిలుతురు, కోడిపెట్ట యన్నమాట. బ్రిస్టల్ వైపు బస్సు నడుపువాడు కూడ ప్రయాణికురాలిని 'మై లవర్' అనవచ్చును, అందులో ఏ దురుద్దేశమును ఉండదు. మన దేశములో ఒకచోట బాబాయి, మరొకచోట కాకా, ఇంకొకచోట అన్నా అని ముక్కుమొగము తెలియనివారిని పిలుచుట వంటిదే ఇదియును. గ్లాస్గో పిలుపును లండనులో లండనువాడే పలికినను అది వేళాకోళమగును. అట్టిచో మనము పలికిన ఏమగును?

రేడియో గల ఇండ్ల వారికి ఒక విశేషము చెప్పవలెను. 1941లో బి.బి.సి. వారు యార్క్‌షైరు వాడైన విల్ఫ్రెడ్ పికిల్స్ అను ఆయనను జాతీయ వార్తలు చదువుటకు నియమించిరి. ఆయన చివర ఉత్తరాది వారికి తమ ఊరి పలుకుబడిలోనే 'గుడ్ నీట్' అని శుభరాత్రి చెప్పెడివాడు. ఫిర్యాదులు వెల్లువలుగా వచ్చినవి. ఒక్క అచ్చు మారినంతనే సొంత దేశమువారే ఇంత అలజడి చేసినప్పుడు, అక్కడ పరాయివాడు ఎంత ఆచితూచి మాటలాడవలయునో ఊహింపవచ్చును.

ఇక తరగతుల భేదము. ఈ విషయమున బెర్నార్డ్ షా కంటె చక్కగా చూపినవారు లేరు. 1914 ఏప్రిలులో లండనులో ఆడిన 'పిగ్మేలియన్' నాటకమున పూలమ్ముకొను పిల్ల ఎలైజాకు ధ్వనిశాస్త్ర పండితుడొకడు దొరసానుల ఉచ్చారణ నేర్పును. ఆమెను మొదటిసారి పెద్దింటి విందునకు తీసికొనిపోవును. ఉచ్చారణ రత్నమువలె నున్నది. మాటలు మాత్రము వీధివే. పోవుచు పోవుచు ఆమె 'బ్లడీ' అను తిట్టుమాటను స్పష్టమైన దొరసాని ఉచ్చారణతో పలుకును. నాటి నాటకశాలలో అది పెద్ద సంచలనము. ఈ ఘట్టము అందరికిని జ్ఞాపకమున్నది. దాని తరువాతి దానిని చాలమంది మరతురు. పండితుడు సర్దుబాటుగా, ఇది నేటి కొత్త సంభాషణ ఫ్యాషనని బొంకెను. అక్కడనే క్లారా యను యువతి యున్నది. డబ్బు తరిగి హోదా నిలుపుకొన తంటాలు పడు ఇంటి పిల్ల. ఆమె ఆ బొంకును నమ్మి, వెళ్లిపోవుచు తానును అదే మాటను ఎంతో నాగరికముగా వాడి మురిసిపోవును. ఎలైజాకు అది పుట్టింటి మాట. క్లారాకు అరువు నగ. మా అభిప్రాయమున షా ఎలైజాను చూచి నవ్విన దానికంటె క్లారాను చూచి నవ్వినదే ఎక్కువ. క్లారా ఆంగ్లేయురాలే సుమా! పరాయితనమునకు సముద్రము దాటనక్కరలేదు.

1954లో బర్మింగుహాము విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఆలన్ రాస్ ఫిన్లండు దేశపు పత్రిక యొకదానిలో ఈ తరగతి మాటల మీద వ్యాసము వ్రాసెను. నాన్సీ మిట్‌ఫర్డ్ అను రచయిత్రి దానిని లోకమునకు చాటినది. చేతులు తుడుచుకొను గుడ్డను ప్రభువర్గము వారు 'నాప్కిన్' అందురట. వారివలె కనబడగోరు మధ్యతరగతి వారు 'సెర్వియెట్' అందురట. పై మెట్టు ఎక్కగోరినవాడు నాజూకైనదని ఎంచుకొన్న మాటయే వాని క్రింది మెట్టును బయటపెట్టెనన్నమాట.

మన దేశమువారు బ్రిటిషు చనువు మాటలను ఎక్కువగా నేర్చుకొన్నది మనుష్యుల వలన కాదు, పుస్తకముల వలన. అందులోను వుడ్‌హౌస్ వలన. ఆయన నవలలు చదివి కడుపుబ్బ నవ్వని కాలేజీ తరము మనకు లేదు. 'వాట్ హో', 'ఓల్డ్ బీన్', 'పిప్ పిప్' అను పలుకులు మద్రాసు హాస్టళ్లలోను, విశాఖపట్టణపు హాస్టళ్లలోను మార్మ్రోగినవి. మేమును ఆ దోషమునకు దూరము కాము. అయితే బెర్టీ వూస్టర్ మొదట కథలో అడుగిడినది 1915లో. వుడ్‌హౌస్ 1947 మొదలు 1975లో మరణించువరకు అమెరికాలోనే నివసించెను. ఆయన చెవిలో నిలిచినది తన యౌవనమునాటి ఇంగ్లండు. నేడు లండనులో ఎవరినైన 'ఓల్డ్ బీన్' అన్నచో, మన ఊరిలో ఒకడు గిరజాలజుట్టుతో, తలపాగాతో బస్సు ఎక్కినట్లుండును. అపరాధమేమియు లేదు, అందరును తిరిగి చూతురు. చనువు మాటలకు ఆయుస్సు తక్కువ. ఊరు విడిచిన నాటి మాటయే విడిచినవాని నోట నిలిచిపోవును. ముప్పదియేండ్ల క్రిందట అమెరికా వెళ్లిన మన బంధువులు సెలవులకు వచ్చి నాటి కాలేజీ మాటలు వాడునప్పుడు మన పిల్లలు ముసిముసి నవ్వులు నవ్వుట లేదా?

లండను తూర్పు పేటలలోని కాక్నీల ప్రాసమాటల సంగతి మరియు చిత్రము. 1859లో జాన్ కామ్డెన్ హాటెన్ ప్రకటించిన స్లాంగు నిఘంటువు నాటికే అవి ప్రసిద్ధములు. మెట్లకు 'స్టేర్స్' అని పేరు. దానితో ప్రాస కుదురునట్లు 'ఆపిల్స్ అండ్ పేర్స్' అందురు. చూపునకు 'లుక్', ప్రాసకు 'బుచర్స్ హుక్', అనగా కసాయివాని కొక్కెము. ఇందులో కిటుకు ఏమనగా, చాలచోట్ల ప్రాస గల మాటనే విడిచివేయుదురు. 'ఒక బుచర్స్ వేయి' అన్నచో ఒకసారి చూడుమని. తల అను అర్థమునకు 'లోఫ్ ఆఫ్ బ్రెడ్'. మాటలలో మిగులునది 'లోఫ్' మాత్రమే. రొట్టెను ఉపయోగింపుమన్నచో బుద్ధి ఉపయోగింపుమని. పుస్తకములో చదివి నేర్చినవాడు పూర్తి మాటను అప్పగించును, అంతటితో దొరికిపోవును. అమెరికా నటుడు డిక్ వాన్ డైక్ 1964లో 'మేరీ పాపిన్స్' చిత్రమున కాక్నీగా నటించెను. చిత్రము లోకమునంతటిని మెప్పించెను గాని, ఆ యాసను బ్రిటిషువారు అర్ధశతాబ్దికి పైగా వేళాకోళము చేసిరి. తుదకు 2017లో బ్రిటిషు చిత్రసంస్థ సత్కారము సందర్భమున ఆయన నవ్వుచు క్షమాపణ చెప్పుకొనెను.

ఇంతవరకు చెప్పినవన్నియు నవ్వులాటలే యని పాఠకులు తలపవచ్చును. 1951 ఏప్రిలులో కొరియాలోని ఇమ్జిన్ నది యొడ్డున జరిగినది నవ్వులాట కాదు. బ్రిటిషు దళములను చీనా సైన్యము చుట్టుముట్టినది. బ్రిగేడియర్ బ్రోడీ తన పై అధికారియైన అమెరికను సేనానికి, పరిస్థితి 'ఎ బిట్ స్టికీ' అని తెలిపెనని చరిత్రకారులు చెప్పుదురు. స్టికీ యనగా అంటుకొనునది, జిగటగా నుండునది. వర్షమునకు తడిసి ఎండకు ఆరుచున్న పిచ్‌ను 'స్టికీ వికెట్' అనుట క్రికెట్టు ప్రియులకు తెలిసినదే. బంతి ఎటు లేచునో దేవునికే ఎరుక. ఆ వర్గపు ఆంగ్లేయుడు 'కొంచెము జిగట' అన్నచో ప్రాణాంతకమని మరొక ఆంగ్లేయుడు గ్రహించును. అమెరికను సేనానికి అది కొంచెము చిక్కుగానే తోచెనట. గ్లాస్టర్‌షైరు పటాలము కొండ మీదనే చిక్కుకొనెను. తప్పించుకొని తిరిగివచ్చినవారు కొన్ని పదులమంది; తక్కినవారిలో అధికులు బందీలైరి. ఆ యొక్క మాటయే కారణమని మేము చెప్పజాలము, యుద్ధములో కారణములు వేయి యుండును. అయినను పరాయివానితో చనువు మాట ఆడు వానికి కూడ ఒక బాధ్యత యున్నదని ఈ ఘట్టము మాకు తోపించుచున్నది.

ఇప్పుడు అద్దమును ఇటు త్రిప్పి చూతము. పరాయి చనువు మాటలను అందరికంటె విరివిగా వాడినవారెవరు? బ్రిటిషు సోల్జర్లే! మన దేశములో కొలువు చేసిన పటాలముల వారు హిందూస్తానీ మాటలను మూటకట్టుకొని పోయిరి. మనము వారి దేశమును సీమ యంటిమి. ఉత్తరాదిని విలాయతీ యనిరి. ఆ విలాయతీయే వారి నోట 'బ్లైటీ' అయి, మొదటి ప్రపంచ యుద్ధమున కందకములలో తడిసిన సిపాయికి స్వదేశమునకు ముద్దుపేరైనది. ఖుషీ 'కుషీ' అయి సుఖమైన కొలువు అయినది. దేఖో అను ఆజ్ఞ 'డెకో' అయి చూపు అను నామవాచకమైనది. నాసికు సమీపమున దేవ్‌లాలీలో, గడువు తీరిన సోల్జర్లు ఓడల కొరకు నెలల తరబడి కనిపెట్టుకొని పిచ్చెత్తిపోయెడివారట. అందుచేత మతిభ్రమణమునకు 'డూలాలీ టాప్' అని పేరు పడినది. అందులోని టాప్ మన తాపమునకు చుట్టమే, జ్వరమని యర్థము. మన పందికొక్కు సైతము 'బాండికూట్' వేషమున వారి నిఘంటువులలో కాపురమున్నది; అయితే అది చనువు మాట కాదు, జంతువు పేరు. 1886లో యూల్, బర్నెల్ అను ఇరువురు ఇటువంటి మాటలనన్నిటిని 'హాబ్సన్ జాబ్సన్' అను గ్రంథమున కూర్చిరి.

దేఖోను నామవాచకము చేసినందుకు వారిని చూచి ఎవరు నవ్విరి? ఒకవేళ వంటవాడు నవ్వినను చాటునకు పోయి నవ్వవలసినదే. అదే కాలమున మన గుమాస్తా ఒక ఇంగ్లీషు నానుడిని తలక్రిందులుగా వాడినచో దానికి 'బాబూ ఇంగ్లీష్' అని పేరు పెట్టి సీమ పత్రికలు పండుగ చేసికొనినవి. ఆన్‌స్టీ అను రచయిత ఒక బెంగాలీ బాబు ఇంగ్లీషును పరిహసించుచు ఏకముగా ఒక నవలయే వ్రాసెను. అది 1897లో వెలువడినది. పరాయి మాట వాడువాడు అధికారము గలవాడైనచో అది కొత్త పదము, లేనివాడైనచో తప్పు. నేడు మన పిల్లలు లండనులో నోరు మెదపుటకు జంకుటలో ఈ పాత గాయము కొంత లేదని మేము అనజాలము.

అమెరికను వారికి ఆ జంకు లేదు. 'గాబ్‌స్మాక్డ్', 'వన్ ఆఫ్' వంటి బ్రిటిషు మాటలు వారి పత్రికలలో ఎట్లు పాతుకొన్నవో బెన్ యగోడా అను అమెరికను రచయిత 2024లో ఒక గ్రంథమే ప్రకటించెను. కొందరు దానిని బడాయి యని ఈసడించినను మాటలు ఆగలేదు.

మరి మనవారు ఏమి చేయవలెను? మా మేనల్లుని చిన్న పుస్తకము ఇప్పటికిని ఉన్నది. వాడు దానిని రెండు భాగములు చేసికొనెను. వినవలసినవి వందల కొలది. అనవలసినవి ఒక పుట కూడ నిండలేదు. బస్సు దిగునప్పుడు డ్రైవరుతో 'చియర్స్' అనవచ్చును. మధుపానముతో సంబంధము లేదు, కృతజ్ఞత యని యర్థము. 'ఆల్ రైట్?' అని ఎవరైన ఎదురైనచో తన కీళ్లనొప్పుల వృత్తాంతము చెప్పరాదు. తిరిగి 'ఆల్ రైట్' అన్నచో చాలును. మన భోజనమైనదా యను పలుకరింపునకు ఎవరైన కూరల పట్టిక చదువుదురా? 'మేట్' అను మాట స్నేహమునకును, తగవునకును ఒక్కటే; భేదమంతయు స్వరములో నున్నది. కనుక అది వాని రెండవ పుటకు రాలేదు. తిట్లు ఒకటియు రాలేదు. మిగిలినవి వాడు వల్లె వేయుట మానినాడు. ఏండ్లు గడచిన మీదట కొన్ని తమంతట తామే నోటికి వచ్చినవట. ఎప్పుడు వచ్చినవో వానికే తెలియదు.

వాని కుమార్తె అక్కడనే పుట్టినది. ఇప్పుడు పదమూడేండ్లు. ఆమె ప్రతి వాక్యము చివరను 'ఇన్నిట్' అనును. 'ఈజ్ ఇట్ నాట్' అరిగి అరిగి అయిన మాట. వ్యాకరణము ప్రకారము మనిషిని బట్టి, కాలమును బట్టి మారవలసినది, అన్నిటికిని ఒక్కటే అయి కూర్చున్నది. బడిలో ఉపాధ్యాయిని దిద్దుచుండునట. గత వేసవిలో ఆమె మా యింటికి వచ్చినప్పుడు, మేమును ఆ మాట ఏమని అడిగితిమి. ఆమె మమ్ము ఎగాదిగా చూచి, "కదా అంటే తప్పు లేదు కదా, తాతయ్యా?" అనెను. వాళ్ల నాన్న ఎప్పుడైన ఇన్నిట్ అనునా యని అడిగితిమి. అనడట. ఒకసారి అనబోతే తానే వద్దన్నదట.